కొంచెము చూడవయ్యా

లంచమను మాటను నేను ముప్పదియైదేండ్ల యుద్యోగములో కచేరి గోడల లోపల నొక్కసారియైనను వినలేదు. వీథిలో వింటిని, రచ్చబండ యొద్ద వింటిని, పత్రికలలో చదివితిని. కచేరిలో మాత్రము దానికి వేఱు పేళ్లు గలవు. మామూలు, ఖర్చులు, టీనీళ్లు, పండుగ, పైవారికి. ఇంగ్లీషు చదువు పెరిగిన పిదప ఫార్మాలిటీలు. వీనిలో మామూలు పెద్దది. అరబ్బీనుండి ఉర్దూమీదుగా నవాబుల కచేరీలలో ప్రవేశించి, కుంపిణీ దొరలు వచ్చినను, వారు పోయినను, తాను మాత్రము కదలక కూర్చున్న మాట యిది. ఆచారమని, ఎప్పటినుండియో జరుగుచున్నదని దీని యర్థము. తాను తీసికొనుచున్నది ఆచారమని నమ్మినవానికి సిగ్గు ఎక్కడినుండి వచ్చును?

నేను 1976లో రెవెన్యూశాఖలో గుమాస్తాగా చేరి 2011లో విరమించితిని. ఉత్తరమున కావలి మొదలుకొని దక్షిణమున తడ, పులికాటు సరస్సు వఱకు గల నాటి నెల్లూరు తీరమున, ఉప్పుకయ్యల ప్రక్కను, బకింగ్‌హామ్ కాలువ గట్లమీదను ఉన్న కచేరీలలో నా యుద్యోగము సగమునకు పైగా గడచినది. లంచము తీసికొనువారిని గూర్చి లోకము చెప్పినది చాల గలదు. తీసికొనువారు తమ్ము గూర్చి తామేమి యనుకొందురో చెప్పినవారు తక్కువ. అది నాకు కొంత తెలియును గనుక వ్రాయుచున్నాను.

ఉద్యోగి మనస్సులో లంచమునకు మెట్లున్నవి. అడుగకయే యిచ్చినదానిని పుచ్చుకొనుట కానుక. చేయవలసిన పనినే త్వరగా చేసిపెట్టి పుచ్చుకొనుట శ్రమకు ప్రతిఫలము. 1962లో నియమింపబడి 1964లో నివేదిక సమర్పించిన సంతానం సంఘము, ఈ త్వరసొమ్మే కచేరీలలోని జాప్యమునకు ముఖ్యకారణములలో నొకటియైనదని కనిపెట్టినది గాని, పుచ్చుకొనువారు తాము జాప్యమును తగ్గించుచున్నామనియే నమ్ముదురు. పని నాపి పుచ్చుకొనుట గడుసుదనము. చేయరాని పనిని చేసి పుచ్చుకొనుట మాత్రమే పాపము. అదియే వారి దృష్టిలో లంచము. ఎవడు ఏ మెట్టుమీద నిలిచియున్నాడో దాని పై మెట్టునుండియే పాపము మొదలగునని వాని విశ్వాసము. సర్వేశాఖలో నాకొక మిత్రుడుండెడివాడు. పొలము కొలిచినందుకు రైతునొద్ద భోజనము, బస్సుచార్జి, మఱి కొంత పైకము పుచ్చుకొనెడివాడు. గొలుసులో ఒక్క లింకు తప్పు వ్రాయుమని వేలు పోసినను ఒప్పుకొనెడివాడు కాడు. అతడు తన్ను సత్యసంధునిగానే యెంచుకొనెను. ఆశ్చర్యమేమనగా, ఊరివారును అతని నట్లే యెంచిరి.

నా గీతను నేను అందఱికంటె క్రింద గీచికొంటిని. కచేరిలో ఒకరు తెప్పించిన కాఫీ త్రాగను. ఇంటినుండి మజ్జిగ సీసాలో పోసికొని పోయెడివాడను. పండుగనాడు గుమ్మము ముందు అరటిగెల కనబడినచో తలుపు తీయకయే వెడలగొట్టెడివాడను. దీనిచేత నాకు కొంత కీర్తియు, కీర్తికి మించిన గర్వమును కలిగెను. ఆ గర్వము 1989 వఱకు నిలిచినది.

ఆ యేడు నవంబరులో కావలి ప్రాంతమున తీరము దాటిన తుపాను మా వైపువారికి ఇప్పటికిని గుర్తే. నేనప్పుడొక తీరమండలములో ఉపతహశీల్దారును. గాలి తగ్గిన మఱునాడు మేము పోయి చూచునప్పటికి పట్టపుపాలెములో ఎనుబదినాలుగు గుడిసెలకు నిట్రాళ్లు మాత్రము నిలిచియుండెను. తెప్పలు కొన్ని సరుగుడుతోటలలో చెట్లకు తగులుకొనియుండెను. వలలు ఇసుకలో పూడిపోయి, లాగినకొలది తెగుచుండెను. ఎవరి గుడిసె పోయినది, ఎవరి వల పోయినది, ఎవరి తెప్ప పోయినది అను పట్టికలు వ్రాయుట నా పని. రెండు రాత్రులు బడిలో పండుకొని వ్రాసితిని. ఆ పట్టికలలో ఒక్క దొంగపేరు చేరలేదు, ఒక్క నిజమైన పేరు తప్పిపోలేదు. ఈ మాట నేటికిని ధైర్యముగా చెప్పగలను.

ఇక చూడవచ్చినవారు. తుపాను వచ్చిన యూరికి రెండవ తుపాను చూడవచ్చువారే. పెద్దలు, వారి వెంట చిన్నలు, లెక్కలు వేయు బృందములు, ఆ లెక్కలను సరిచూచు బృందములు, జీపులు, జీపుల వెంట జీపులు. వారికి భోజనములు కావలెను, కొబ్బరిబొండములు కావలెను, బంగళాలో దుప్పట్లు కావలెను, జీపులకు డీజిలు కావలెను. వారు పోయిన పిదప పట్టికలు నాలుగు ప్రతులు తీయించి నెల్లూరు పంపవలెను. ఇవి యన్నియు జరుగుచుండగా నేను పాలెములో పట్టికలు వ్రాయుచు, మా కచేరిలోని వృద్ధ గుమాస్తాతో అప్పుడప్పుడు ఒక్క మాట యనుచుంటిని. “కొంచెం చూడవయ్యా.” అతడు తల యూచి పోయెడివాడు. అన్నియు జరిగెడివి.

సంక్రాంతికి కొన్ని దినములు ముందు, పరిహారములు పంచిన పిమ్మట, ఆ పాలెమునుండి యొక నడివయస్సు స్త్రీ మా యింటికి వచ్చెను. ఎండుచేపలు గంపకెత్తి ఊళ్లు తిరిగి యమ్ముకొని బ్రతుకు విధవ. తాటాకులో చుట్టిన వంజరపు ఎండుముక్కలు రెండు అరుగుమీద పెట్టెను. నేను అలవాటు చొప్పున వలదంటిని. ఆమె నవ్వి యిట్లనెను:

“తీసుకో సామీ. ఊళ్లో అందరి కాడా రెండు నూర్లు తీసుకోని, నా కాడ మాత్రం నూరే తీసుకోమని సెప్పినావంట గదా. మొగుడు లేనిదని కనికరించినావు. నీ కడుపు సల్లగుండ.”

నాకు మొదట అర్థము కాలేదు. అర్థమైన పిదప అరుగుమీద కూర్చుంటిని. ఆమె నన్ను నిందింప రాలేదు, మెచ్చుకొన వచ్చినది. ఎనుబదినాలుగు గుడిసెలలో నా పేరుమీద సొమ్ము వసూలైనది. ఆ పాలెమువారి లెక్కలో నేను లంచగొండిని. అయితే దయగల లంచగొండిని.

మఱునాడు ఉదయము వృద్ధ గుమాస్తాను గదిలోనికి పిలిచి తలుపు మూసి యడిగితిని. అతడు భయపడునని యనుకొంటిని. భయపడలేదు. బీరువా తెఱచి, నిడుపాటి పుస్తకమొకటి తెచ్చి నా ముందు పెట్టెను. తేదీలవారీగా పద్దులు. భోజనములు ఇరువదిరెండు. కొబ్బరిబొండములు. పెట్రోమాక్సు దీపముల బాడుగ. జీపుల డీజిలు. పడిపోయిన గుడిసెల ఫొటోలు, మూడు ప్రతులు. పట్టికలు జెరాక్సు. పట్టికలు పట్టుకొని నెల్లూరు పోవుటకు బస్సుచార్జి, తప్పులున్నవని త్రిప్పిపంపగా మఱల చార్జి, మఱల చార్జి. నేను చదువుచుండగా అతడు మెల్లగా ననెను:

“‘కొంచెం చూడవయ్యా’ అన్నారు తమరు. చూశాను. ఆ మాట అనేటప్పుడు నా జేబులో ఎంతుందని తమరు ఏనాడైనా అడిగారా అయ్యా? తమరు తాగే మజ్జిగ తమ ఇంటిది. ఎనిమిది జీపుల డీజిలు ఎవరి ఇంటిది?”

నేనేమి చెప్పుదును? ప్రభుత్వము మా కచేరికి చిల్లర ఖర్చుల క్రింద ఇచ్చు మొత్తము సిరా, కాగితములు, కట్టలు కట్టు దారము వీనికి చాలీచాలనట్లుండెడిది. ఆ సంగతి నాకు తెలియును. జీపులు డీజిలు లేక నడువవని తెలియును. నా జేబునుండి ఒక్క రూపాయి పోలేదనియు తెలియును. ఈ మూడు సంగతులను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూడకుండుటయే నా నిజాయితీ. పుస్తకములో కడపటి పుటకు వచ్చునప్పటికి వసూలైనదానికిని ఖర్చైనదానికిని కొంత తేడా కనబడెను. “ఇది?” అంటిని. అతడు చాలసేపు కిటికీవైపు చూచి, “పిల్లలు గలవాణ్ణి,” అనెను. కచేరి కొఱకు చాచిన చేయి కచేరి ఖర్చు తీరగానే ముడుచుకొనునా? ఆ చేతిని ముందుగా చాపించినవాడు ఎవడు?

నేను అతనిపై ఫిర్యాదు వ్రాయలేదు. వ్రాసినచో విచారణలో నా మాట బయటపడును. ఈ పిఱికితనమును దాచి వ్రాయుటకు నాకు మనసొప్పదు.

పిదప చరిత్ర చదువుకొన్నప్పుడు, నా స్థితి క్రొత్తది కాదని తెలిసినది. చెన్నపట్టణమున క్రెసెంటు పత్రికను నడిపిన గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు మొదలైనవారు, పన్ను వసూలులో రైతులను చిత్రహింసలు పెట్టుచున్నారని మొఱపెట్టగా, 1854లో ప్రభుత్వము విచారణసంఘము నేర్పఱచెను. 1855లో వెలువడిన దాని నివేదిక మన నెల్లూరు జిల్లాతో గూడిన మదరాసు రాజధాని యంతటికిని సంబంధించినది. క్రిందియుద్యోగులు సర్కారు పన్ను కొఱకును, తమ సొంత వసూళ్ల కొఱకును గూడ రైతులను హింసించుచుండిరని అది యొప్పుకొన్నది. అయితే దొరల ప్రోత్సాహమున నిది జరుగుచున్నదని ప్రజలు తలంచుట లేదనియు చెప్పినది. దొరకు పన్ను పూర్తిగా కావలెను, గడువులోపల కావలెను. ఎట్లు వచ్చినదో అతడు చూడలేదు. 1857లో న్యూయార్కు పత్రికలో కారల్ మార్క్సు ఈ నివేదికనే యుదాహరించి ఆంగ్లేయులను తూలనాడెను. నాకు మాత్రము ఆ దొర పరాయివాడుగా తోచలేదు. అతని బల్లమీదను మజ్జిగ సీసా యుండియుండును.

అప్పుడు క్రిందివారి జీతములు మిక్కిలి తక్కువ. మన్రో దొర 1820 ప్రాంతముల ఈ సంగతిని పదేపదే చెప్పెను. దేశీయోద్యోగికి గౌరవప్రదమైన జీతము, గౌరవప్రదమైన పదవి ఈయనిదే వానియందు నీతి నాశింపరాదని ఆయన వాదము. జీతములు ఇప్పుడు పెరిగినవి. నేను విరమించునప్పటికి మా గుమాస్తాల జీతములు మా ఊరి మోతుబరి రైతుల కసూయ పుట్టించునంతగా పెరిగినవి. మామూలు తగ్గలేదు. కనుక జీతమొక్కటియే కారణమనువారితో నేనేకీభవింపను. ఆకలికి తినువాడు ఆకలి తీరగానే లేచును. ఆచారమునకు తినువాడు లేవడు.

రొయ్యలు వచ్చిన పిదప మఱియొక సంగతి చూచితిని. అంతకు మునుపు మా తీరమండలములకు బదిలీ యనగా శిక్ష. ఉప్పునీరు, బస్సు లేదు, బడి లేదు. 1990 తరువాత మూడు నాలుగేండ్లలో పొలములు, బీళ్లు, కాలువ పోరంబోకులు రొయ్యలగుంటలుగా మాఱినవి. ఏ భూమి యెవరిది, ఏ గుంటకు అనుమతి గలదు, ఏ గుంట ఉప్పునీరు ఎవరి మంచినీళ్లబావిని చెఱచినది అను ప్రతి ప్రశ్నకు ఒక సంతకము కావలసివచ్చెను. 1996 డిసెంబరు 11వ తేదీని సుప్రీంకోర్టు తీరమునందలి రొయ్యలసాగుపై కఠినమైన తీర్పు చెప్పెను. 2005లో తీర జలచర సాగునకు ప్రత్యేకముగా చట్టము వచ్చెను. తీర్పునకు పూర్వము అనుమతికి సంతకము, పిదప చూచి చూడనట్లుండుటకు మౌనము. మౌనమునకు వెల యెక్కువ. శిక్షగా పంపు చోట్లకే సిఫార్సులతో వచ్చువారు వరుసకట్టిరి. ఎవడును తన యిష్టమున ఉప్పునీళ్లు త్రాగ రాడు గదా!

రాబర్ట్ వేడ్ అను పాశ్చాత్య పరిశోధకుడు 1982లో ప్రకటించిన వ్యాసము నాకు చాల యాలస్యముగా చేతికి వచ్చినది. దక్షిణ భారతమున కాలువలశాఖలో ఇంజనీర్లు తమ స్థానములకు వెల చెల్లించుట, ఆ వెలను రైతులనుండియు గుత్తేదారులనుండియు రాబట్టుకొనుట, అందులో భాగము పైపైకి పోవుట అందులో వర్ణింపబడియున్నది. దుర్మార్గులు కొందఱు శాఖలో చేరిరని ఆయన వ్రాయలేదు. మంచివాడును ఇమడవలసిన యేర్పాటొకటి గలదనియు, బదిలీయే దానికి ఇరుసనియు వ్రాసెను. చదివి పుస్తకము మూసి, మా వృద్ధ గుమాస్తా నిడుపాటి పుస్తకమును తలచుకొంటిని. ఆయన వర్ణించిన యేఱునకు అది పిల్లకాలువ.

దీనిని తగ్గించు మార్గములను గూర్చి ఉద్యోగుల నడిగినచో, పైనుండి మొదలుపెట్టుమని క్రిందివారు, క్రిందినుండి మొదలుపెట్టుమని పైవారు చెప్పుదురు. చట్టములకు కొదవలేదు. అవినీతి నిరోధక చట్టము 1947లో వచ్చెను, 1988లో మఱల వచ్చెను, 2018లో సవరింపబడెను. మన రాష్ట్రమున అవినీతి నిరోధకశాఖ 1961నుండి పనిచేయుచున్నది. రసాయనపు పొడి పూసిన నోట్లతో పట్టుబడినవాని ఫొటో పత్రికలో పడిన దినమున కచేరి యంతయు నిశ్శబ్దముగా నుండును. ఆ నిశ్శబ్దమును నేను చాల సారులు వింటిని. అది పశ్చాత్తాపము కాదు. వాడు తెలివితక్కువగా దొరకెనన్న జాలి. వారము తిరుగకమునుపే సొమ్ము బల్లమీదినుండి ప్రక్కనున్న టీకొట్టునకు మాఱును.

2018 సవరణ లంచ మిచ్చినవానిని గూడ శిక్షార్హుని జేసినది. బలవంతముమీద ఇచ్చినవాడు ఏడు దినములలో పోలీసులకో, విచారణాధికారులకో తెలియజేసినచో విడిచిపెట్టును. దీనికి ఏడేండ్లు ముందు, 2011లో, కేంద్రప్రభుత్వమునకు ఆర్థిక సలహాదారుగా నున్న కౌశిక్ బసు తద్విరుద్ధముగా చెప్పియుండెను: తనకు న్యాయముగా రావలసినదానికై లంచ మిచ్చినవానిని నిర్దోషిగా ప్రకటించినచో, వాడు ధైర్యముగా బయటికి వచ్చి చెప్పునని. పండితులు ఏ వైపైనను వాదింపవచ్చును. నాకు ఎండుచేపల గంప యెత్తుకొన్న ఆ విధవయే కన్నులకు కట్టును. ఆమె ఏడు దినములలో ఎవరియొద్దకు పోవును? పోయి, తనకు మేలు చేసినవాడని తాను నమ్మినవానిపై నేమని చెప్పును?

యంత్రములు వచ్చిన కథయు చూచితిని. 1984లో వంశపారంపర్యముగా వచ్చుచున్న కరణము, మునసబు పదవులు రద్దయినప్పుడు మామూలు పునాది కదలినదని సంతోషించిన వారిలో నేనొకడను. కరణము పోయెను, లెక్కలు తెలిసినవాడు కావలసియేయుండెను. 1998లో రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటర్లు పెట్టి, గంటలో దస్తావేజు చేతికి వచ్చునని చాటిరి. దస్తావేజు త్వరగా వచ్చిన మాట నిజమే. కాని 2004లో జొనాథన్ కేస్లీ యను పరిశోధకుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆ కచేరీలను గూర్చి వ్రాయుచు, దస్తావేజులేఖరుల మధ్యవర్తిత్వమును, చేతిసొమ్మును యథాప్రకారముగా నున్నవని చూపెను. యంత్రము జాప్యమును తగ్గించును. తన చేతిలో తీర్పునకు చోటున్న ఉద్యోగిని యంత్రమేమి చేయగలదు?

మామూలు నిజముగా ఎండిపోవుట నేను ఒక్కసారి చూచితిని. అది ఏ చట్టముచేతను కాదు. 1992లో మా జిల్లా దూబగుంట స్త్రీలు సారా మాన్పింప లేచిరి. ఊరూర స్త్రీలు పాకలు మూయించిరి. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. సారాపాటలతో పాటు వానివెంట నడచిన మామూళ్లును పోయినవి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చిన పిదప దొంగసరకు పుట్టెను, దానితో క్రొత్త మామూలు పుట్టెను. 1997లో నిషేధము సడలెను. ఊట మూసినచో నీరాగును. గట్టు వేసినచో ప్రక్కనుండి పాఱును.

హాంకాంగులో 1974లో అవినీతిపై స్వతంత్రసంఘము నేర్పఱచినప్పుడు దానికి మూడు చేతులు పెట్టిరి. ఒకటి పట్టుటకు, ఒకటి ప్రజలకు బోధించుటకు, మూడవది కచేరీల పద్ధతులను పరీక్షించి అవినీతికి చోటిచ్చు సందులను మూయించుటకు. మూడవ చేతిని గూర్చి చదివినప్పుడు నాకు అసూయ కలిగెను. నా ముప్పదియైదేండ్లలో మా కచేరికి తనిఖీకి వచ్చినవారు దస్త్రములు చూచిరి, హాజరుపట్టీ చూచిరి, గోడలకు సున్నము చూచిరి. తమ జీపునకు డీజిలు ఎవరు పోసిరని అడిగినవాడు లేడు.

మండలమునకు నేనే అధికారి నైనప్పుడు ఒక చిన్న ప్రయత్నము చేసితిని. నిడుపాటి పుస్తకమును బీరువానుండి తీసి నా బల్లమీద పెట్టించితిని. కచేరి కొఱకు ఎవరు ఏమి ఖర్చుపెట్టినను అందులో వ్రాసి, సంతకము చేసి, బిల్లు పైకి పంపవలెను; రానిది నేనును, జీతమునుబట్టి తక్కినవారును పంచుకొని భరింపవలెను; బయటివారి సొమ్ము తాకరాదు. వచ్చిన పెద్దలకు భోజనానంతరము బిల్లు అందించితిని. ఇద్దఱు మాఱుమాటాడక చెల్లించిరి. అందులో నొకరు, “ఇన్నాళ్లు నన్నెవరును అడుగలేదు,” అని నొచ్చుకొనిరి. ఒకరు నవ్విరి. మఱియొకరు నవ్వలేదు. మూడు నెలలలో నాకు మెట్టప్రాంతమునకు బదిలీ యయ్యెను. దానికి ఇదియే కారణమని చెప్పజాలను; ఉత్తర్వులో పరిపాలనాసౌలభ్యమని యున్నది.

ఆ మూడు నెలలలో నేర్చుకొన్నదొకటి గలదు. పుస్తకము బల్లమీదికి వచ్చిన మొదటి నెలలోనే, మా గుమాస్తాలలో తీసికొనువారికిని తీసికొననివారికిని భేదము స్పష్టమయ్యెను. అంతవఱకు అందఱును కచేరి కొఱకే తీసికొనుచుండిరి. కచేరి పేరు తొలగిన పిదప, తమ పేరున చేయి చాచుటకు కొందఱు నిజముగా సిగ్గుపడిరి. అందఱును కాదు. ఇద్దఱు టీకొట్టునకు పోయిరి. కాని సిగ్గుపడిన నలుగురు చెడ్డవారు కారని నేను ప్రమాణము చేసి చెప్పగలను. అధికారుల పర్యటనలకైన ఖర్చు ప్రభుత్వమే యిచ్చి, దాని లెక్కను కచేరి గోడకు అంటించుట యేమంత కష్టము? 2005లో సమాచారహక్కు చట్టము వచ్చిన పిదప పౌరుడు స్వల్ప రుసుముతో దేని లెక్కయైనను అడుగవచ్చును. తన దరఖాస్తు ఏమైనదని అడుగువారిని చాలమందిని చూచితిని. ఫలాని పెద్దమనిషి మా ఊరికి వచ్చినప్పుడు భోజనమునకు ఎవరిచ్చిరని అడిగిన దరఖాస్తు నా బల్లమీదికి ఒక్కటియు రాలేదు.

ఆ నూఱు రూపాయల సంగతి మిగిలినది. గుమాస్తాతో మాటాడిన సాయంకాలమే నా జీతములోనుండి నూఱు రూపాయలు తీసికొని సైకిలుమీద పాలెమునకు పోయితిని. తక్కిన యెనుబదిమూడు ఇండ్లవారికి ఇచ్చుటకు నా యొద్ద లేదు; ఉన్నను ఇచ్చెడివాడనో లేదో తెలియదు. ఆమె క్రొత్తగా వేసికొన్న పాక ముందు చేపలు ఎండవేయుచుండెను. నోటు చేతికి ఈయబోగా ముఖము వెలవెలబోయెను.

“తక్కువైందా సామీ? పండగ కాంగానే ఇంకో యాబై తెచ్చిస్తా. పేరు మాత్రం కొట్టేయబాక.”

తక్కువ కాలేదని, అది తన సొమ్మేనని చెప్పినకొలది ఆమె భయము హెచ్చెను. నలుగురు గుమిగూడిరి. పాలెపు పెద్దకాపు వచ్చి విని, కొంతసేపు నన్ను ఎగాదిగా చూచి, “ఇచ్చేదయితే కాయితం రాసీ సామీ. రేపు ఇంకొకాయనొచ్చి లెక్క తగ్గిందని మమ్మల్నడిగితే మేమేం సెప్పేది?” అనెను. ఆ మాట నాకు న్యాయముగనే తోచెను. సంచిలోని కాగితము తీసి, ఫలాని తేదీని నూఱు రూపాయలు ముట్టినవని రెండు ప్రతులు వ్రాసితిని. ఆమె రెంటిమీదను వ్రేలిముద్ర వేసి, ఒకటి మడిచి రవికలో దాచుకొనెను. దేని క్రింద ముట్టినవో వ్రాయుటకు నాకు మాట దొరకక ఆ చోటు ఖాళీగా విడిచితిని. నా ప్రతి ఇప్పటికిని నా పెట్టెలో నున్నది.